తెలుగు సినిమాకు పుట్టిల్లు ఒక హాలు: మద్రాసు గెయిటీ పుట్టుపూర్వోత్తరాలు

చెన్నై అన్నాశాలైని పాతవాళ్లు ఇప్పటికీ మౌంట్ రోడ్డనే పిలుస్తారు. ఆ దారిలో పెద్ద తపాలా కార్యాలయం ఆవరణలో ఒక పాత కట్టడం ఉంది. స్టాంపులు సేకరించేవాళ్ల కోసం తపాలా శాఖ నడిపే విభాగం అందులోనే పెట్టారు. 1913లో ఆ కట్టడం పేరు ఎలక్ట్రిక్ థియేటర్. వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు సినిమాలు ఆడించడానికే దాన్ని కట్టించాడు. 1915లో తపాలా శాఖ కొనుక్కుంది. దాంతో ఆట ఆగిపోయింది, కట్టడం మాత్రం మిగిలింది.

అక్కడికి కూతవేటు దూరంలో, బ్లాకర్స్ రోడ్డు దగ్గర, గెయిటీ ఉండేది. మచిలీపట్నం నుంచి వలస వచ్చిన రఘుపతి వెంకయ్య అనే ఫొటోగ్రాఫరు 1914 ప్రాంతంలో కట్టించిన హాలు అది. మద్రాసు నగరంలో సినిమా కోసమని ఒక భారతీయుడు కట్టించిన మొదటి హాలు అదే. మూకీలు ఆడించింది, టాకీలు ఆడించింది, రంగుల బొమ్మలు ఆడించింది. సుమారు తొంభై ఏళ్లు నిలిచి, 2000ల దశకంలో నేలమట్టమైంది. ఆ చోట వాణిజ్య భవనం లేచింది.

రెండేళ్లు ఆడిన హాలు నిలబడింది, తొంభై ఏళ్లు నిలిచిన హాలు పోయింది. దీన్ని విధి మీదకు నెట్టనక్కర్లేదు. ఇందులో ఉన్నదంతా డబ్బు లెక్క. అది తెలియాలంటే గెయిటీ ఏ డబ్బుతో లేచింది, ఏం చేసి బతికింది, దాని ఆదాయం ఎక్కడికి పోయింది అన్నవి వరసగా చూడాలి. ఆ దారిలోనే తెలుగు సినిమా పుట్టుక కూడా ఎదురవుతుంది.

గోడలు లేని రోజులు

సినిమా మద్రాసులో అడుగుపెట్టింది 1890ల చివరలో. అప్పటికి దానికంటూ ఇల్లు లేదు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్రగా నిలబడి ఉండే విక్టోరియా పబ్లిక్ హాలే దిక్కు. ఆ హాలుకు శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి. అక్కడ ఒకరోజు సభ జరిగేది, మరొకరోజు సుగుణ విలాస సభ వారి నాటకం, ఇంకోరోజు గారడీ ప్రదర్శన. వాటి నడుమ దొరికిన ఖాళీలో ఎవరో ఒకరు యంత్రం తెచ్చి నాలుగు నిమిషాల బొమ్మలు చూపించేవాళ్లు. రైలు వస్తుంది, జనం దిగుతారు, అంతే కథ. కదలడమే వింత గనక కథ లేదని ఎవరూ అడగలేదు.

తర్వాత డేరాలు వచ్చాయి. ఈ పద్ధతికి దక్షిణాదిలో పేరు తెచ్చినవాడు సామికన్ను విన్సెంట్. తిరుచ్చిలో రైల్వే గుమస్తాగా ఉంటూ, 1905లో డ్యుపాంట్ అనే ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర యంత్రమూ ఫిల్ములూ కొని, ఉద్యోగం వదిలి ఊళ్లు పట్టాడు. తిరునాళ్ల దగ్గరో, సంత దగ్గరో ఖాళీ నేల చూసుకుని డేరా వేసేవాడు. ఊరు కొత్తగా ఉన్నంతకాలం బొమ్మలు పాతవైనా నడిచిపోయేది. డేరా వ్యాపారంలో మూలసూత్రం అదే. ఫిల్ములు మార్చనక్కర్లేదు, ఊరు మారిస్తే చాలు.

హాలు కట్టినవాడికి ఆ సౌకర్యం లేదు. జనం వాళ్లే, వీధి అదే. వాళ్లను మళ్లీ మళ్లీ రప్పించాలంటే బొమ్మ మారుతూ ఉండాలి. అంటే వారం వారం కొత్త ఫిల్ము అద్దెకు దొరకాలి, దాన్ని తెప్పించే ఏజెన్సీలు ఉండాలి, రేవులో ఓడ దిగిన డబ్బా నేరుగా హాలుకు చేరాలి. 1910 దాటేదాకా ఈ ఏర్పాట్లు మద్రాసులో కుదురుకోలేదు. హాళ్లు ఆలస్యంగా రావడానికి కారణం జనానికి ఆసక్తి లేకపోవడం కాదు, సరుకు రాకపోవడమే.

తాకట్టు పెట్టిన స్టూడియో

రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్నంలో పుట్టాడు. ఇరవై నిండకముందే మద్రాసు చేరి, చిత్రలేఖనం మీది మక్కువతో మొదలుపెట్టి ఛాయాచిత్రకళలోకి దిగి, మౌంట్ రోడ్డు మీద సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు. అప్పటి మౌంట్ రోడ్డంటే దొరల బజారు. స్పెన్సర్స్ అక్కడ, హిగిన్‌బాథమ్స్ పుస్తకాల కొట్టు అక్కడ, వీలే అండ్ క్లైన్ లాంటి ఐరోపా ఫొటో స్టూడియోలు అక్కడ. వాళ్ల సరసన ఒక బందరు మనిషి స్టూడియో నడిపాడంటే పనితనం ఉండాలి, దానితో పాటు తెగువ కూడా ఉండాలి.

1909-10 నాటికి ఆయన చూపు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం మీద పడింది. ఫ్రాన్సులోని గోమోన్ కంపెనీ తయారీ అది. ఒకపక్క తెర మీద ఫిల్ము ఆడుతుంటే మరోపక్క గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది. రెండింటినీ ఒకే వేగంతో నడిపితే తెరమీది మనిషి పెదవి కదిలినప్పుడే మాట వినిపిస్తుంది. అప్పటికి విద్యుత్ యాంప్లిఫయర్లు లేవు గనక, గదినిండా వినపడేలా శబ్దాన్ని పెంచడానికి ఒత్తిడి పట్టిన గాలిని వాడేవారు. భారతదేశంలో టాకీ రావడానికి ఇరవై ఏళ్ల ముందటి మాట ఇది.

ఈ యంత్రం తెప్పించడానికి వెంకయ్య తన స్టూడియోను తాకట్టు పెట్టాడు. సినిమా చరిత్రకారులు ఆ మొత్తాన్ని 30,000 రూపాయలుగా రాస్తూ వచ్చారు. చేతినిండా పని ఉన్న నడివయసు మనిషి, చేతిలో ఉన్న వ్యాపారాన్ని కుదువబెట్టి, ఎంతకాలం నిలుస్తుందో తెలియని ఆటబొమ్మను కొన్నాడన్నమాట. అప్పు ఇచ్చినవాళ్లు ఆయన వెనక ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

1910లో విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శనలు మొదలయ్యాయి. ఆ తర్వాత డేరా, ఆ తర్వాత ప్రయాణాలు. బెంగుళూరు, ఆంధ్ర ప్రాంతపు పట్టణాలు, సముద్రం దాటి సింహళం, బర్మా. ఆ రోజుల్లో రంగూన్ అంటే తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి కూలీలుగా, చిల్లర వ్యాపారులుగా వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. బొమ్మలో భాష ఏదైతేనేం, డేరా ముందు టిక్కెట్టు అమ్మేవాడికి మాత్రం తెలుగు పనికొచ్చే ఊరు అది.

ఈ తిరుగుడు వల్ల డబ్బు చేతికి వచ్చింది, రెండు పాఠాలు కూడా వంటపట్టాయి. మొదటిది, జనం ఎక్కడైనా బొమ్మ చూడ్డానికి వస్తారు. రెండోది, డేరాకు ఆయుష్షు తక్కువ. గాలివాన వస్తే ఆట లేదు, ఊరి అధికారి అనుమతి ఇవ్వకపోతే ఆట లేదు, ఫిల్ములు అరిగిపోతే ఆట లేదు. నిలకడగా బతకాలంటే సొంత గోడలు, సొంత పైకప్పు కావాలి. 1912 ప్రాంతంలో మద్రాసు తిరిగివచ్చిన వెంకయ్య ఆ గోడల పని పట్టుకున్నాడు.

హాలు ఎలా నడిచేది

గెయిటీ లేచిన చోటును గమనించాలి. ముందువైపు దొరల మౌంట్ రోడ్డు. వెనకవైపు చింతాద్రిపేట. 1730లలో ఈస్టిండియా కంపెనీ నేతగాళ్ల కోసం వేసిన పేట అది. సుంకు రామశెట్టి అనే తెలుగు దుబాసీ తోటను స్వాధీనం చేసుకుని ఆ నేల మీద మగ్గాలు వేయించారు. ముందు నుంచి గుర్రపు బగ్గీలు వస్తాయి, వెనక నుంచి కాలినడకన జనం వస్తారు. ఎలక్ట్రిక్ థియేటర్ దొరలనూ ఆంగ్లో ఇండియన్లనూ నమ్ముకుంది. గెయిటీ ఇద్దరినీ నమ్ముకోగల చోట కూర్చుంది.

కాలం కూడా కలిసొచ్చింది, కాకపోతే వంకర దారిలో. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మను నౌక మద్రాసు రేవు మీద గుండ్లు కురిపిస్తే ఊళ్లో సగం మంది మూటాముల్లె సర్దుకున్నారు. ఐరోపా నుంచి ఫిల్ములు రావడం సన్నగిల్లింది. ఆ ఖాళీలోకి అమెరికా సరుకు దిగింది. 1916లో యూనివర్సల్ కంపెనీ భారతదేశంలో తన ఏజెన్సీ తెరిచింది. వాళ్లు తెచ్చినవాటిలో జనాన్ని కట్టిపడేసినవి సీరియళ్లు. ఇవాళ్టి టీవీ సీరియల్ లాగే కథ తెగదు, వీరుడు కొండ అంచున వేలాడుతుండగా భాగం అయిపోతుంది. 'బ్రోకెన్ కాయిన్' లాంటివి అలాగే ఆడాయి. ఎడ్డీ పోలో అనే నటుడు మద్రాసు పేటల్లో ఇంటిమనిషైపోయాడు. హాలువాడికి కావలసింది ఇదే. అదే వీధి, అదే జనం, అయినా వచ్చే వారం మళ్లీ వస్తారు. డేరా ఊరు మార్చి సాధించినదాన్ని సీరియల్ వారం మార్చి సాధించింది.

అప్పటి హాలు లోపల చీకటి ఉండేది గానీ నిశ్శబ్దం ఉండేది కాదు. మూకీ అన్న పేరు తెర వరకే. తెర పక్కన పియానోనో, హార్మోనియం తబలాలో మోగుతుండేవి. గుర్రాలు పరిగెత్తితే తబలా పరిగెత్తేది. నడుమ నడుమ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. చదవలేని జనం కోసం ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. హరికథలూ బుర్రకథలూ విని పెరిగిన చెవులకు ఆ ఏర్పాటు కొత్త కాదు. పేరు పలకడం రాని అమెరికా వీరుడు ఆ చెప్పేవాడి నోట్లో పడి మన ఊరి మనిషైపోయేవాడు. రీలు మార్చే విరామంలో డాన్సో, కుస్తీయో, గారడీయో పెట్టిన హాళ్లు కూడా ఉన్నాయి.

కూర్చునే తీరులో సంఘమంతా కనిపించేది. తెరకు ముక్కు ఆనేంత దగ్గర నేల, దాని వెనక బెంచి, ఆ వెనక కుర్చీ, పైన ఉంటే బాల్కనీ. నాటకాల పందిట్లో ముందు కూర్చునేవాడు పెద్దమనిషి, సినిమా హాల్లో ముందు కూర్చునేవాడు అణా మనిషి. ఇక్కడ వరస తలకిందులైంది. కానీ ఇంకో సంగతి జరిగింది. గుడిలో, బావి దగ్గర, హోటల్లో పక్కపక్కన నిలబడనివ్వని రోజుల్లో, నేల టిక్కెట్టు కొన్న ఎవరైనా ఒకే చీకట్లో ఒకే బొమ్మ చూశారు. హాలు సంస్కరణ కోసం ఆ పని చేయలేదు. కాసు ఎవరిదైనా కాసే గనక చేసింది.

యంత్రం గది సంగతి వేరు. అప్పటి ఫిల్ము నైట్రేట్ సరుకు. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది, నీళ్లు పోసినా ఆరదు. ఎదురుగా కార్బన్ కడ్డీల మధ్య మెరుపులా వెలిగే దీపం. వాటి నడుమ ఆపరేటరు నిలబడి చేత్తో పిడి తిప్పుతూ ఉండాలి. వేగం తగ్గితే బొమ్మ వణుకుతుంది, ఆగితే ఫిల్ము కాలుతుంది. ప్రపంచంలో ఎన్నో హాళ్లు ఇలాగే తగలబడ్డాయి. 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం హాలుకు లైసెన్సునూ బొమ్మకు సెన్సారునూ కలిపి తెచ్చింది. యంత్రం గది ఎలా ఉండాలి, జనం బయటపడే దారులు ఎన్ని ఉండాలి అన్నవాటికి నియమాలు వచ్చాయి. 1920లో మద్రాసుకు సొంత సెన్సారు బోర్డు కూడా ఏర్పడింది. డేరా రోజుల అడ్డూ అదుపూ లేనితనం అక్కడితో సరి.

మూడు పేటలు, మూడు హాళ్లు

గెయిటీ కుదురుకున్నాక వెంకయ్య మరో రెండు హాళ్లు చేపట్టాడు. మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. ఈ గ్లోబే తర్వాత రాక్సీ పేరుతో తరాలపాటు నడిచింది. మూడు పేర్లూ ఇంగ్లీషువే అయినా మూడు పేటల తీరు వేరు. మౌంట్ రోడ్డుది షోకు. జార్జిటౌన్‌లోని మింట్ స్ట్రీట్‌ది బేరం, అక్కడ తెలుగు కోమట్లు, గుజరాతీలు, మార్వాడీలు, తమిళులు కలిసి వ్యాపారం చేస్తారు. పురసవాక్కానిది సంసారుల పేట.

సొంతానికి మూడు హాళ్లుండడంలో వ్యాపార కిటుకు ఉంది. ఫిల్ముకు కట్టే అద్దె ఒకటే, దాన్ని మూడుచోట్ల ఆడించుకోవచ్చు. మౌంట్ రోడ్డులో కొత్తగా ఆడిన బొమ్మ తర్వాతి వారం పేటలోకి వస్తుంది. అక్కడి జనానికి అదే కొత్త. ట్రాము ఎక్కి మౌంట్ రోడ్డు దాకా వెళ్లలేని ఇల్లాలు వీధి చివర హాలుకు నడిచి వెళ్తుంది. సినిమా చూడ్డం ఒక యాత్రగా ఉన్నది, రాత్రి భోజనం తర్వాత చేసే పనిగా మారింది అలాంటి పేట హాళ్ల వల్లే.

హాలు కన్న స్టూడియో

మన సినిమా చరిత్రను సాధారణంగా బొమ్మల పేర్లతో మొదలుపెడతాం. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర', కొన్నేళ్లకు మద్రాసులో నటరాజ మొదలియార్ 'కీచక వధ', 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ', 1932లో 'భక్త ప్రహ్లాద'. ఈ వరసలో హాలు కనిపించదు. కానీ 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిన డబ్బు ఎక్కడిదో చూస్తే వరస మారిపోతుంది. అది గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్ల టిక్కెట్ల డబ్బు.

వెంకయ్య తన కొడుకు రఘుపతి సూర్యప్రకాశ్‌ను సినిమా తీయడం నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపాడు. పై చదువంటే ప్లీడరీయో, ఐసీఎస్సో అనుకునే కాలంలో బిడ్డను కెమెరా చదువుకు ఓడెక్కించిన తండ్రి ఇంకొకడు కనపడడం కష్టం. కొడుకు తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే కంపెనీ పెట్టి, పురసవాక్కంలో అద్దాల స్టూడియో కట్టారు. లోపల సూర్యుడి వెలుగుతోనే చిత్రీకరణ జరగాలి గనక పైకప్పుకు గాజు. 1921లో అక్కడ నుంచి 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది. భీష్ముడి వేషం ప్రకాశ్‌దే, దర్శకత్వమూ ఆయనదే. గంగ వేషం ఒక ఆంగ్లో ఇండియన్ స్త్రీ వేసింది. మన స్త్రీలు తెరమీదికి రావడానికి ఇళ్లు ఒప్పుకోని రోజులవి. ఆ స్టూడియోలో ప్రకాశ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో చిత్తజల్లు పుల్లయ్య ఒకరు. 'లవకుశ' లాంటి చిత్రాలతో తర్వాత టాకీ యుగాన్ని నిలబెట్టినవాడు ఆయనే.

నటుడు, దర్శకుడు, స్టూడియో, శిష్యుడు, వీళ్లందరికీ ముందు ఒక హాలు ఉంది. నేల టిక్కెట్టు కొని అమెరికా సీరియల్ చూసిన చింతాద్రిపేట జనం, తాము తెలుగు సినిమాకు పెట్టుబడి పెడుతున్నామని ఎరగరు. పెట్టింది మాత్రం వాళ్లే.

కానీ హాలు లెక్క వేరు, స్టూడియో లెక్క వేరు. హాలుకు రోజూ సాయంత్రం గల్లా నిండుతుంది, నష్టం వచ్చినా ఒక వారానిదే. స్టూడియోలో నెలల తరబడి ఖర్చు పెట్టి, బొమ్మ ఆడేదాకా ఎదురు చూడాలి. అమెరికా బొమ్మ అప్పటికే తన దేశంలో ఖర్చు రాబట్టుకుని చవగ్గా వస్తుంది. దానితో పోటీపడి ఇక్కడ తీసిన మూకీ ఖర్చు రాబట్టుకోవడం కష్టం. గెయిటీ గల్లా స్టూడియో ఖర్చును ఎంతోకాలం మోయలేకపోయింది. 1920లు ముగిసేలోపు ప్రకాశ్ వేరే భాగస్వాములతో వేరే కంపెనీల్లో సినిమాలు తీస్తున్నాడు. హాళ్లు వెంకయ్య కుటుంబం చేతి నుంచి జారిపోయాయి. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశాడు. అప్పటికి తెలుగు టాకీ వయసు తొమ్మిదేళ్లు.

యజమాని పోయాక

యజమానులు మారినా హాలు నడిచింది. మూకీ పోయి టాకీ వచ్చినప్పుడు మద్రాసు హాళ్లన్నీ తెర వెనక లౌడ్‌స్పీకర్లు బిగించుకున్నాయి, తెర పక్క వాయిద్యగాళ్లనూ కథ చెప్పేవాళ్లనూ ఇళ్లకు పంపాయి. సినిమా రంగంలో యంత్రం వల్ల మూకుమ్మడిగా పని పోగొట్టుకున్న మొదటివాళ్లు వాళ్లే. 1931లో తమిళం, తెలుగు కలగలిసిన 'కాళిదాస్' ఆడింది మింట్ స్ట్రీట్ కినిమా సెంట్రల్‌లో, అంటే వెంకయ్య క్రౌన్ ఉన్న వీధిలోనే.

1940ల మొదట్లో గెయిటీ పక్కనే క్యాసినో వచ్చింది. అది ఇంగ్లీషు బొమ్మలకు పేరు పడింది. మౌంట్ రోడ్డు మీద ఎల్ఫిన్‌స్టన్, వెల్లింగ్టన్ అప్పటికే ఉన్నాయి, తర్వాత శాంతి, ఆనంద్ లేచాయి. 1964లో ఒకే ఆవరణలో మూడు తెరలతో సఫైర్ సముదాయం తెరుచుకుంది. అందులోని బ్లూ డైమండ్‌లో బొమ్మ ఆగకుండా ఆడేది. ఎప్పుడు వెళ్లినా లోపలికి పోవచ్చు, చల్లటి గదిలో ఎంతసేపైనా కూర్చోవచ్చు. కోడంబాకంలో తెలుగు సినిమాలు తయారవుతున్న దశాబ్దాల్లో, అవకాశం కోసం వచ్చి టీ నగర్ గదుల్లో ఉన్న తెలుగు కుర్రాళ్లకు ఈ దారే బడి. పగలు స్టూడియో గేటు ముందు నిలబడడం, రాత్రి మౌంట్ రోడ్డు హాల్లో హాలీవుడ్ బొమ్మ చూడ్డం.

కొత్త హాళ్లకు ఏసీలు, మెత్తటి కుర్చీలు, 70 ఎంఎం తెరలు. వాటి నడుమ గెయిటీ వరసలో వెనక్కి జరిగింది. హాళ్ల వ్యాపారంలో ఇది మామూలుగా జరిగేదే. కొత్త బొమ్మ కొత్త హాలుకు పోతుంది, పాత హాలుకు రెండో విడత వస్తుంది, ఆపైన పాత బొమ్మలు, చివరికి పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ బొమ్మలు. ఆ దశ చేరాక ఆడవాళ్లు, పిల్లలు రావడం మానేస్తారు. ఇంటిల్లిపాదీ రాని హాలుకు పేటలో అండ ఉండదు. అలాంటి హాలు మూతపడినా అడిగేవాళ్లు ఉండరు.

నేల ధర

హాళ్లు ఎందుకు పోయాయని అడిగితే టీవీ, వీడియో, పైరసీ, మల్టీప్లెక్స్ అని వరసగా చెబుతారు. అన్నీ నిజమే. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలైంది, ఎనభైలలో వీడియో క్యాసెట్లు, తొంభైలలో కేబుల్. జనం తగ్గారు. కానీ జనం తగ్గినంత మాత్రాన గోడలు కూలవు. బియ్యం గోదాములుగానో, పెళ్లి మండపాలుగానో మారి నిలబడ్డ హాళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! గోడలు కూల్చేది నేల ధర.

సినిమా హాలు నేలను మహా దుబారాగా వాడుకునే వ్యాపారం. ఎకరం, అరెకరం నేల కావాలి, కట్టడం మాత్రం ఒకటే అంతస్తు. ఆ గది రోజులో నాలుగు ఆటలప్పుడే సంపాదిస్తుంది. ఆ సంపాదనలోంచి వినోదపన్ను పోవాలి, డిస్ట్రిబ్యూటరు వాటా పోవాలి. టిక్కెట్టు ధర ఎంత ఉండాలో సర్కారు చెబుతుంది. నేల ధర ఎంత ఉండాలో సర్కారు చెప్పదు. ఒకటి చట్టం గుంజకు కట్టి ఉంటే మరొకటి పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తింది. మౌంట్ రోడ్డు మీద అదే నేలలో పది అంతస్తులు వేస్తే ప్రతి అంతస్తూ నెలనెలా అద్దె తెస్తుంది. ఇక హాలు నడుపుతున్న వారసుడు రోజూ నష్టపోతున్నట్టే, తెర ముందు ఎంతమంది కూర్చున్నా సరే.

అందుకే పోయినవి పాత, ఖాళీ హాళ్లు మాత్రమే కావు. న్యూ ఎల్ఫిన్‌స్టన్ పోయింది, వెల్లింగ్టన్ పోయింది. దక్షిణాదిలో బహుళ తెరల హాలుకు నాంది పలికిన సఫైర్ పోయింది, ఆనంద్ పోయింది, శివాజీ గణేశన్ కుటుంబం నడిపిన శాంతి కూడా పోయింది. వెంకయ్య హాళ్లు మూడూ, గెయిటీ, క్రౌన్, రాక్సీ, వాటిలో కలిసిపోయాయి. పేట ఏదైనా, షోకు పేటైనా బేరాల పేటైనా సంసారుల పేటైనా, మూడుచోట్లా నేల ఒకే తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ థియేటర్ ఎందుకు మిగిలిందో తేలిపోతుంది. అది 1915లోనే సర్కారు ఆస్తి అయింది. దానికి గల్లా లెక్క లేదు, వారసుల పంపకం లేదు, అమ్మితే ఎంత వస్తుందని అడిగేవాళ్లు లేరు. సినిమాతో తెగతెంపులు చేసుకున్న కట్టడమే సినిమా చరిత్రకు ఆనవాలుగా మిగిలింది. పాత కట్టడాల పట్టికల్లో కోర్టులు, కళాశాలలు, చర్చీలు సులువుగా ఎక్కుతాయి. రోజూ టిక్కెట్లు అమ్ముకునే హాలును వారసత్వం అనడానికి అధికారికీ, యజమానికీ, చివరికి ప్రేక్షకుడికీ నోరు రాలేదు.

ఇక మిగిలింది

రఘుపతి వెంకయ్యకు తెలుగువాళ్లు గౌరవం తక్కువ చేయలేదు. 1980 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరుతో అవార్డు ఇచ్చింది. సినిమాకు జీవితకాలం సేవ చేసినవాళ్లకు దక్కే పెద్ద గుర్తింపు అది. హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఆయన విగ్రహం ఉంది. 2019లో ఆయన జీవితం మీద నరేశ్ నటించిన చిత్రం కూడా వచ్చింది. మనిషిని గుర్తుపెట్టుకున్నాం. ఆ మనిషి చేసిన వస్తువు ఒక్కటీ మిగల్లేదు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ చిత్రాలు లేవు, అద్దాల స్టూడియో లేదు, మూడు హాళ్లూ లేవు. దక్షిణాది మూకీల్లో పూర్తిగా చేతికందినవి వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. 1933 నాటి 'మార్తాండ వర్మ' వాటిలో ముఖ్యమైనది.

గెయిటీని ఎవరూ తిరిగి తేలేరు. దాని కథ పనికొచ్చేది మిగతా హాళ్ల విషయంలో. 1921లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి సినిమా హాలు కట్టాడు. ఆంధ్ర ప్రాంతంలో మొదటి శాశ్వత హాలుగా దాన్నే చెప్పుకుంటాం. ఆ తర్వాత వందేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి తాలూకా కేంద్రంలోనూ హాళ్లు లేచాయి. ఊరికి బస్టాండ్ రాకముందే హాలు వచ్చిన చోట్లున్నాయి, హాలు పేరే బస్‌స్టాపు పేరైన చోట్లున్నాయి. ఇప్పుడవి ఒకటొకటిగా ఫంక్షన్ హాళ్లో, అపార్ట్‌మెంట్లో, షాపింగ్ కాంప్లెక్సులో అవుతున్నాయి. అన్నిటినీ నిలబెట్టమని అడగడం కుదరదు. నష్టం వచ్చే హాలును చరిత్ర కోసం నడపమని ఒక కుటుంబానికి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కానీ కూల్చే ముందు చేయగల పని ఉంది, దానికి పెద్ద ఖర్చు కాదు. ప్రతి హాలుకూ కలెక్టరేటులో బి-ఫారం లైసెన్సు దస్త్రం ఉంటుంది. దానితో పాటు హాలు నక్షా, సీట్ల లెక్క, తరగతుల లెక్క, యజమానులు మారిన వరస ఉంటాయి. హాలు గదుల్లో డీసీఆర్ పుస్తకాలు ఉంటాయి, అంటే ఏ రోజు ఏ ఆటకు ఎన్ని టిక్కెట్లు తెగాయో రాసిన రోజువారీ లెక్క. ఏ ఊరు ఏ బొమ్మను ఎన్నాళ్లు మోసిందో పత్రికల ప్రకటనల కంటే నిజాయితీగా చెప్పే కాగితం అది. కార్బన్ కడ్డీలు మార్చిన ఆపరేటర్లు, గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఇంకా బతికి ఉన్నారు. ఊళ్లోని డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం ఒక సెలవుల్లో ఈ పని చేయగలదు. గెయిటీ విషయంలో ఎవరూ ఈ పని చేయలేదు గనకే, తెలుగు సినిమాకు మొదటి పెట్టుబడి పెట్టిన నేల టిక్కెట్టు మనిషి గురించి మనకు తెలిసింది ఇంతే. బుల్‌డోజరు వచ్చే రోజుకు ముందే ఆ దస్త్రాల నకళ్లు తీసి పెడితే, విజయవాడ, గుంటూరు, వరంగల్ హాళ్ల చరిత్రనైనా ఊహల మీద కాకుండా లెక్కల మీద రాయవచ్చు.